ఇల్లంతా ఒకే టైల్ వేయమంటున్నారు, వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు గోరంట్ల. కిందా పైనా రెండు పోర్షన్ల ఇల్లు కడుతున్నాం. కింద మేం ఉంటాం, పైది అద్దెకిస్తాం. ప్లాస్టరింగ్ అయిపోయింది, ఇక నేల పని మొదలవ్వాలి. కింద హాలు 12 × 18 అడుగులు, రెండు పడగ్గదులు, వంటిల్లు, పూజగది, రెండు బాత్‌రూంలు. మా అత్తయ్యగారికి 74 ఏళ్లు, మోకాలి ఆపరేషన్ అయింది. విజయవాడలో షోరూంకి వెళ్తే ఇల్లంతా 2 × 4 అడుగుల మెరుపు టైల్, పీజీవీటీ, ఒకటే వేసేయండి, అతుకులు తక్కువ, అద్దంలా ఉంటుంది అన్నారు. మా మేస్త్రీ డబుల్ చార్జ్ టైల్ తప్ప ఇంకేదీ ఆగదంటున్నాడు. అన్నయ్యేమో గ్రానైట్ వేస్తే మనవళ్ల దాకా చూసుకోనక్కర్లేదంటాడు. అమ్మాయికి తన గదిలో చెక్క నేల కావాలట. ఎవరి మాట విన్నా నిజమే అనిపిస్తోంది. దేన్ని ఎక్కడ వేయాలి? హాలుకి ఎన్ని పెట్టెలు కొనాలి? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: వద్దండీ. ఇల్లంతా ఒకే టైల్ వేస్తే హాలుకు నప్పింది బాత్‌రూంలో కాలు జారుస్తుంది, బాత్‌రూంకి నప్పింది హాల్లో తుడవలేక ప్రాణం తీస్తుంది. మీకు సలహా చెప్పిన ముగ్గురి మాటా ఇంట్లో ఏదో ఒక చోటికి సరిపోతుంది. ఏ చోటికన్నదే తేల్చుకోవాలి. షోరూంలో నేల ఎప్పుడూ పొడిగా ఉంటుంది, జనం చెప్పులేసుకుని నడుస్తారు, పైనుంచి లైట్లు కొడుతుంటాయి. మీ ఇంట్లో వట్టి కాళ్లు, తడి కాళ్లు, కిటికీలోంచి ఏటవాలుగా పడే ఎండ. కాబట్టి ఏ గదికైనా ముందు రెండు సంగతులు చూడండి: అక్కడ నేల రోజులో ఎంతసేపు తడిగా ఉంటుంది, దాని మీద నడిచేది ఎవరు. రంగూ డిజైనూ ఆ తర్వాత.

పేర్లు ఎన్ని ఉన్నా టైల్స్‌లో జాతులు రెండు. సిరామిక్ టైల్‌కి పైన గాజు పూత ఉంటుంది గానీ లోపలి మట్టి నీళ్లు పీలుస్తుంది. గోడలకు వాడేవి తమ బరువులో 10 శాతానికి పైగా పీల్చుకుంటాయి, నేలకు వాడే సిరామిక్ సుమారుగా 3 నుంచి 6 శాతం. విట్రిఫైడ్ టైల్‌ని గట్టిగా నొక్కి, బాగా ఎక్కువ వేడిలో కాలుస్తారు కాబట్టి లోపల సందులు దాదాపు ఉండవు. మన ఐఎస్ 15622 ప్రమాణం ప్రకారం అది 0.08 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదు. షోరూంలోనే టైల్ తిరగేసి వెనక చెంచాడు నీళ్లు పోసి చూడండి. రెండు మూడు నిమిషాల్లో నీళ్లు ఇంకి మచ్చ ముదిరితే సిరామిక్. చుక్కలు అలాగే నిలబడి, గుడ్డతో తుడిస్తే పోతే విట్రిఫైడ్.

మీ షోరూం వాళ్లకీ మేస్త్రీకీ పేచీ వచ్చింది విట్రిఫైడ్‌లోని రకాల దగ్గర. విరిగిన ముక్కలు అడిగి అంచులు చూడండి, సంగతి అక్కడే తెలుస్తుంది. డబుల్ చార్జ్ ముక్కలో పైన 3, 4 మిల్లీమీటర్ల మందాన రంగు పొర, దాని కింద వేరే రంగు కనిపిస్తాయి. రెండు పొడులనీ ఒకేసారి నొక్కి కాల్చినది కాబట్టి పైపైన అరిగినా రంగు పోదు. కాకపోతే డిజైన్లు తక్కువ, చుక్కలూ అలలూ దాటి పెద్దగా ఉండవు. జీవీటీలో, అంటే గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్‌లో, అడుగంతా ఒకటే రంగు, పైన డిజైన్ అచ్చు వేసి గాజు పూత పూస్తారు. అంచులో అది సన్నటి గీతలా కనిపిస్తుంది. ఇటాలియన్ మార్బుల్‌లా, చెక్కలా, సిమెంటులా కనిపించేవన్నీ ఇవే. ఆ పూతను సానబట్టి మెరుపు తెస్తే పీజీవీటీ. పూత మీద గీత పడితే మెరుపు టైల్‌లో వెంటనే కనిపిస్తుంది, మెరుపు లేని మ్యాట్‌లో అంతగా తెలియదు. పూత ఉన్న టైల్‌కి అరుగుదల గ్రేడు ఒకటి ఉంటుంది, పీఈఐ 1 నుంచి 5 దాకా. హాలుకి 4 అడగండి. డబుల్ చార్జ్‌కి ఈ గ్రేడు వర్తించదు, దానికి పూతే లేదు.

అత్తయ్యగారు తిరిగే కింది పోర్షన్‌కి మెరుపు టైల్ వద్దు, అది పీజీవీటీ అయినా డబుల్ చార్జ్ అయినా సరే. పొడిగా ఉన్నప్పుడు ఏ టైలూ అంత జారదు. బాత్‌రూం నుంచి తడి కాళ్లతో వచ్చినప్పుడు, పనమ్మాయి తడిగుడ్డ పెట్టి వెళ్లిన పది నిమిషాల్లో, ఫ్రిజ్ దగ్గర చుక్క పడ్డప్పుడు అసలు ప్రమాదం. హాలు, రెండు పడగ్గదులు, వాటి మధ్య నడవా అంతా మ్యాట్ జీవీటీ ఒకటే వేసుకోండి. షోరూం వాళ్లు చెప్పిన 2 × 4 సైజు ఉంచుకోండి, పైనున్న మెరుపు మాత్రం మార్చుకోండి.

మ్యాట్‌లోనూ తేడాలున్నాయి. నున్నటి మ్యాట్, సాటిన్ తుడవడానికి సులువు. కార్వింగ్ అనీ, షుగర్ ఫినిష్ అనీ వచ్చేవి వేలికి గరుకుగా తగులుతాయి, చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆ గుంటల్లో మురికి పట్టి రెండేళ్లకు నేలంతా మాసినట్టు కనిపిస్తుంది. పాత నూలు చేతిరుమాలు ఒకటి పట్టుకెళ్లి టైల్ మీద అదిమి లాగండి. నూలు పట్టుకుంటే రేపు మాప్ కూడా అలాగే పట్టుకుంటుంది. జారుడు గ్రేడు ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉంటుంది. గదులకి ఆర్9 లేదా ఆర్10, బాత్‌రూం నేలకి ఆర్10 లేదా ఆర్11 అడగండి. అయితే ఆ పరీక్షను బూట్లు వేసుకుని, నూనె పోసిన వాలు మీద చేస్తారు. వట్టి కాళ్లకు ఏ, బీ, సీ అని వేరే గ్రేడులున్నాయి, బాత్‌రూం టైల్‌కి బీ ఉంటే మంచిది. గ్రేడు సంగతి సేల్స్ కుర్రాడికి తెలియకపోతే నచ్చిన రెండు మూడు టైల్స్ నమూనాలు ఇంటికి తెచ్చుకోండి. సబ్బు నీళ్లు చల్లి, గోడ పట్టుకుని మీరే వట్టి కాళ్లతో నిలబడి చూడండి. రంగు మరీ తెలుపూ వద్దు, మరీ నలుపూ వద్దు. తెలుపు మీద తలవెంట్రుక కూడా కనిపిస్తుంది. ముదురు రంగు మీద దుమ్ము అడుగులూ, బోరు నీళ్లు ఆరిన తెల్ల చారలూ తేలతాయి. లేత గోధుమ, లేత బూడిద రంగులు ఈ రెంటినీ దాచుకుంటాయి.

మీ మేస్త్రీ మాట పై పోర్షన్‌లో వినండి. అద్దెకొచ్చేవాళ్లు మంచాలూ బీరువాలూ ఎత్తి పెట్టరు, ఈడుస్తారు. అక్కడ 2 × 2 డబుల్ చార్జ్ వేస్తే చాలా ఏళ్లు మీరు ఆలోచించనక్కర్లేదు. పైనా మీ సొంతవాళ్లే పెద్దవాళ్లు ఉంటారనుకుంటే ఈ మాట వెనక్కి తీసుకోండి.

అన్నయ్యగారి గ్రానైట్‌ని మెట్లకీ, వంటగట్టుకీ, గడపలకీ వాడుకోండి. మెట్ల మీద టైల్ వేస్తే అంచు దగ్గర పెచ్చు లేస్తుంది. అతికించే మూల పట్టీలు కొన్నాళ్లకే ఊడిపోతాయి. గ్రానైట్ పలకకైతే అంచును గుండ్రంగా తీయించి, ముందు భాగంలో జారకుండా మూడు గాళ్లు కొట్టించవచ్చు. ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైట్ మనకు దగ్గర్లోనే దొరుకుతుంది. మెట్లకు నున్నటి పాలిష్ కాకుండా తోలులా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ తీసుకోండి. ఇల్లంతా గ్రానైట్ అంటే మాత్రం నా ఓటు లేదు. 18 మి.మీ. పలక చదరపు మీటరు దాదాపు 49 కిలోలు తూగుతుంది, 9 మి.మీ. టైల్ 20 కిలోల చుట్టూ. పై అంతస్తు శ్లాబు మీద ఆ తేడా ఎంతో మీ ఇంజినీరుని అడగాల్సి వస్తుంది. పైగా పలకకీ పలకకీ రంగు కలవదు, వేశాక పాలిష్ పని వేరే.

అమ్మాయి గదికి అసలు చెక్క గానీ, లామినేట్ గానీ వద్దు. లామినేట్ పలకల లోపల ఉండేది నొక్కిన చెక్కపొడి. అతుకులోంచి నీళ్లు దిగితే అంచులు ఉబ్బుతాయి, ఉబ్బినవి మళ్లీ అణగవు. మన దగ్గర వానాకాలపు తేమా, రోజూ తడిగుడ్డా రెండూ దానికి పడవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటప్పుడు విట్రిఫైడ్ నేలను కడిగి వాడుకోవచ్చు, లామినేట్‌ని పీకి పారేయాల్సిందే. చెక్క పలకలా కనిపించే మ్యాట్ జీవీటీ టైల్స్ 200 × 1200 మి.మీ. సైజులో వస్తున్నాయి, అవి వేయించండి. ఒక జాగ్రత్త. పొడవు టైల్స్ నడుమ కొద్దిగా వంపు తిరిగి ఉంటాయి. ఒక వరస అతుకు పక్క వరస టైల్‌కి సరిగ్గా నడిమధ్యకు వచ్చేలా ఇటుక పేర్పు పేరిస్తే, ఎత్తుగా ఉన్న నడుము పక్కన కిందికి దిగిన అంచు వచ్చి, నడుస్తుంటే వేలికి తగులుతుంది. అతుకు టైల్ పొడవులో మూడో వంతు దగ్గర పడేలా పేర్చమనండి. కొనేటప్పుడు రెండు టైల్స్‌ని ముఖానికి ముఖం ఆనించి పట్టుకుంటే మధ్యలోనో అంచుల్లోనో సందు కనిపిస్తుంది. ఆ సందు ఎక్కువుంటే ఆ పెట్టె వద్దనండి.

వంటింటి నేలకి హాలు టైలే కొనసాగించవచ్చు, నున్నటి మ్యాట్ అయితేనే. గరుకు రకం వేస్తే ఆవకాయ కలిపే రోజున నూనే కారమూ గుంటల్లోకి దిగి, ఎంత రుద్దినా ఎర్ర నీడ మిగులుతుంది. వంటగట్టు పైన గోడకి మెరుపు సిరామిక్ చాలు, రెండడుగుల ఎత్తు లేదా పై అలమరల దాకా. అక్కడ విట్రిఫైడ్‌కి డబ్బు పోయడం దండగ, గోడ మీద ఎవరూ నడవరు. పసుపు మరక టైల్‌కి అంటదు, అతుకుల్లో నింపే సిమెంటు గ్రౌట్‌కి అంటుతుంది. అందుకే గట్టు వెనకా, సింకు చుట్టూ ఎపాక్సీ గ్రౌట్ (సిమెంటు బదులు రెజిన్ జిగురుతో చేసింది) పెట్టించండి. పూజగదిలో మాత్రం మెరుపు టైల్ లేదా గ్రానైట్ ముక్క మంచిది. తడి కుంకుమ, దీపం నూనె మ్యాట్ మీద మరక దిగినట్టు మెరుపు టైల్ మీద దిగవు. చిన్న గది, కూర్చుని చేసుకునే పని, జారే భయం తక్కువ.

బాత్‌రూంల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. నేలకి 1 × 1 అడుగు యాంటీ స్కిడ్ టైల్ తీసుకోండి. పెద్ద టైల్ వేస్తే నీళ్లు పోయే వాటం కోసం దాన్ని మూలలకు ఏటవాలుగా కోయాల్సి వస్తుంది. కోయకపోతే వాటం రాదు, నీళ్లు మూలన నిలుస్తాయి. జాలీ వైపు ఐదడుగులకు ముప్పావు అంగుళం వాటం ఉండాలి. టైల్ వేసిన రోజే బకెట్టు నీళ్లు పోసి, ఎక్కడైనా మడుగు కడితే గ్రౌట్ పెట్టకముందే ఎత్తించి సరిచేయించండి. చిన్న టైల్‌లో అతుకులు ఎక్కువ కాబట్టి పట్టు కూడా ఎక్కువ. గోడలకి 300 × 450 లేదా 300 × 600 మి.మీ. సిరామిక్, లేత రంగులో. గుంటూరు చుట్టుపక్కల బోరు నీళ్లకి ముదురు మెరుపు గోడలు ఆరు నెలల్లో తెల్లబడతాయి. ఆ తెల్లదనం పోవడానికి యాసిడ్ పోస్తే టైల్ మెరుస్తుంది గానీ అతుకుల్లో సిమెంటు గ్రౌట్ కరుగుతుంది, ఆ సందుల్లోంచి నీళ్లు గోడలోకి దిగుతాయి. ఇక్కడా ఎపాక్సీ గ్రౌటే.

టైల్‌ కింద వాటర్‌ప్రూఫ్ పూత రెండు చేతులు, నేలంతా, గోడల మీదికి అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడకైతే ఆరడుగులు. మూలల్లో, పైపుల చుట్టూ ఫైబర్ జాలీ గుడ్డ పెట్టి పూయాలి. ఆరాక నీళ్లు పోయే జాలీ మూసి రెండంగుళాల నీళ్లు 48 గంటలు నిలబెట్టండి. పై అంతస్తు బాత్‌రూంకి ఇది తప్పనిసరి, కింద శ్లాబులో చెమ్మ కనిపిస్తే టైల్ వేయకముందే తెలుస్తుంది. టైల్ నీళ్లను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. ఆపేది ఈ పూత. అత్తయ్యగారి బాత్‌రూంలో కమోడ్ పక్కనా, షవర్ దగ్గరా పట్టుకునే రాడ్లు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో వస్తాయి. ఆ చోట్లు ఇప్పుడే గోడ మీద గుర్తు పెట్టి మేస్త్రీకి చూపించండి, అక్కడ టైల్ వెనక బోలు లేకుండా నిండుగా పెట్టాలి, లేకపోతే రేపు డ్రిల్ పెట్టగానే పగులుతుంది. గదికీ బాత్‌రూంకీ మధ్య మెట్టు అరంగుళం దాటనివ్వకండి, గడప గ్రానైట్ అంచును ఏటవాలుగా తీయించండి.

కారు పెట్టే చోట గది టైల్ వేయకండి. 12 మి.మీ. మందం పార్కింగ్ టైల్స్ గానీ, మాచర్ల, బేతంచెర్ల నాపరాళ్లు గానీ వేయండి. నా మొగ్గు నాపరాయికే. బండి స్టాండు గుచ్చుకున్నా పెచ్చే పోతుంది, చదరం మొత్తం పగలదు, ధరా తక్కువ. డాబా మీదికి తెల్లటి కూల్ రూఫ్ టైల్స్ చాలు, వాటర్‌ప్రూఫింగ్ చేశాకే.

ఇక లెక్క. 2 × 4 అని పిలుస్తారు గానీ టైల్ అసలు కొలత 600 × 1200 మి.మీ. అంటే రెండడుగులకు కొంచెం తక్కువ, నాలుగడుగులకు కొంచెం తక్కువ. పెట్టెకు రెండు, కలిపి 15.5 చదరపు అడుగులు. మీ హాలు లోపలి కొలత ప్లాస్టరింగ్ తర్వాత కూడా సరిగ్గా 12 × 18 ఉందనుకుందాం. టైల్ పొడవును 18 అడుగుల వైపు పెట్టి, టైల్స్ మధ్య సందుకి 2 మి.మీ. స్పేసర్లు పెట్టి, గోడల దగ్గర 6 మి.మీ. వదిలి పేరిస్తే, 12 అడుగుల వెడల్పులో ఆరు వరసలు పట్టి చివర అంగుళం పావు పట్టీ మిగులుతుంది. అది చూడ్డానికి బాగోదు, నాలుగడుగుల పొడవున అంత సన్నగా కోస్తుంటే సగం విరుగుతాయి. దీనికి మందు వరసల్ని మధ్యకు జరపడం. నడుమ ఐదు వరసలు నిండు టైల్స్, రెండు పక్కల గోడల వెంట పన్నెండున్నర అంగుళాల వెడల్పు కోసిన వరసలు. 18 అడుగుల వైపు నాలుగు నిండు టైల్స్, చివర 26 అంగుళాల ముక్క. గుమ్మం వైపు నిండు టైల్ నుంచి మొదలుపెట్టి ఆ ముక్కను వెనక గోడకి పంపండి.

సన్న పట్టీ పద్ధతిలో 31 టైల్స్, స్కర్టింగ్‌కి (గోడ అడుగున వేసే పట్టీకి) మరో 3, అంటే 17 పెట్టెలు. మధ్యకు జరిపిన పద్ధతిలో ఏడు వరసలు, వరసకు ఐదు చొప్పున 35 టైల్స్, 18 పెట్టెలు. రెండో పద్ధతిలో పక్క వరసలు కోయగా మిగిలే 11 అంగుళాల వెడల్పు ముక్కలు ఎనిమిది ఉంటాయి, ఒక్కోదాంట్లోంచి నాలుగంగుళాల స్కర్టింగ్ పట్టీలు రెండు వస్తాయి. మొత్తం 16 పట్టీలు, దాదాపు 63 అడుగులు. మీ హాలు చుట్టుకొలత 60, రెండు గుమ్మాలు తీసేస్తే 53 చాలు. అంటే స్కర్టింగ్‌కి వేరే టైల్ కొననక్కర్లేదు. ఒక్క పెట్టె తేడాతో సన్న పట్టీ బాధ తప్పుతుంది. పైన విరిగేవాటికి ఒక పెట్టె, దాచుకోడానికి ఒక పెట్టె, మొత్తం 20 కొనండి. దాచిన పెట్టెను మెట్ల కింద నిలబెట్టి ఉంచండి. నాలుగేళ్ల తర్వాత పైపు కోసం ఒక టైల్ పగలగొడితే అదే డిజైన్ బజార్లో దొరకదు. తక్కిన గదులకీ ఇలాగే కాగితం మీద గీసి లెక్కపెట్టండి. వైశాల్యానికి 10 శాతం కలిపేస్తే చాలనే లెక్క చిన్న గదుల్లో తప్పుతుంది.

పెట్టెలు దింపుకునేటప్పుడు ప్రతి పెట్టె మీదా బ్యాచ్ నంబరు, షేడ్ కోడ్ ఒకటేనా చూడండి. ఒకే పేరు, ఒకే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగు ఒక ఛాయ మారుతుంది, కొలత కూడా మిల్లీమీటరో రెండో మారి అతుకులు కలవవు. గుజరాత్ మోర్బీ నుంచి లారీ వచ్చినప్పుడల్లా బ్యాచ్ మారొచ్చు కాబట్టి హాలుకి సరిపడా ఒకేసారి దింపించుకోండి. ధర మాట్లాడేటప్పుడు జీఎస్టీ, రవాణా, దింపుడు కూలీ కలిపా విడిగానా అడగండి. పెట్టె ఒక్కోటి 30 కిలోలకు అటూఇటూ ఉంటుంది, పై అంతస్తుకు మోసే కూలీ చిన్న ఖర్చేం కాదు.

ఇంత చూసి కొన్న టైల్ కూడా చెడేది ఎక్కువగా కింద వేసే పనిలోనే. మీది రేగడి నేల అయితే బేస్‌మెంట్‌లో ఏం నింపారో ముందు కనుక్కోండి. పునాది తవ్వి తీసిన నల్లమట్టినే మళ్లీ నింపితే తడికి ఉబ్బి, ఎండకి కుంచించి నేలను కిందికి దించేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదు టైలైనా అతుకుల వెంట పగులుతుంది. గ్రావెల్ లేదా ఇసుకను అరడుగు మందాన పొరలుగా పోసి, నీళ్లు పెట్టి, దిమ్మిస కొట్టి, దాని మీద నాలుగంగుళాల బెడ్ కాంక్రీట్ వేసి ఉండాలి. ఇంకా కాంక్రీట్ వేయకపోతే ఇప్పుడే ఆ నల్లమట్టి తీయించండి.

మీ మేస్త్రీ ఇసుక సిమెంటు పరిచి, పైన సిమెంటు పాలు పోసి టైల్ ఒత్తుతానంటాడు. నాపరాయికీ సిరామిక్‌కీ అది పనిచేసింది, ఎందుకంటే అవి తడిని పీల్చి సిమెంటుని పట్టుకుంటాయి. విట్రిఫైడ్ పీల్చదు. దాని వెనక సిమెంటు పాలు ఆరి పొరలా ఊడొస్తాయి. దానికితోడు గోడకు గోడ ఆనించి, స్పేసర్ లేకుండా బిగించి పేరిస్తే, మే నెల వేడికి టైల్స్ వ్యాకోచించి చోటు లేక ఒకరోజు పెళ్లున గుడారంలా లేస్తాయి. టైల్ మంచిది కాదని కంపెనీని తిట్టుకుంటారు గానీ చాలాసార్లు తప్పు అతుకులదీ అంటుదీ.

కాబట్టి ముందు 1:4 సిమెంటు ఇసుకతో లెవెల్ చేసి, వారం రోజులు నీళ్లు కట్టి ఆరనిచ్చి, దాని మీద టైల్ అడెసివ్‌తో (టైల్ అంటించే జిగురుతో) వేయించండి. ఐఎస్ 15477 ప్రకారం సంచి మీద టైప్ ఎంతో ఉంటుంది. టైప్ 1 సిరామిక్‌కి. గదుల్లో విట్రిఫైడ్‌కి టైప్ 2, 2 × 4 లాంటి పెద్ద సైజుకి టైప్ 3 తీసుకోవడం మేలు. పెద్ద టైల్‌కి 10 మి.మీ. పళ్ల తాపీ కావాలి. ఆ మందానికి 20 కిలోల సంచి సుమారు 30 చదరపు అడుగులు వస్తుంది, మీ హాలుకి ఏడెనిమిది సంచులు. నీళ్లు సంచి మీద రాసిన కొలతకే పోయాలి. పలచన చేస్తే పని సులువవుతుంది, పట్టు పోతుంది.

పక్కన నిలబడి మీరు చూడాల్సినవి చెప్తాను. టైల్ వెనక తెల్లటి పొడి ఉంటుంది, తడి స్పాంజితో తుడవకుండా వేస్తే అడెసివ్ ఆ పొడికే అంటుకుంటుంది. పళ్ల తాపీ గీతలు అన్నీ ఒకే దిక్కుకి ఉండాలి, గుండ్రంగా తిప్పితే గాలి లోపలే చిక్కుతుంది. టైల్ వెనక కూడా పలచగా ఒక పూత రాయాలి. ఒకేసారి రెండు టైల్స్‌కి మించి అడెసివ్ పరవనివ్వకండి, మన ఎండలకి పైన పొర కడుతుంది. వేలితో తాకితే అంటకపోతే దాన్ని గీకి పారేయాల్సిందే, నీళ్లు చల్లి మళ్లీ వాడకూడదు. ఐదు చోట్ల ముద్దలు పెట్టి టైల్ నొక్కడం గోడల మీదైనా ఒప్పుకోకండి, బోలు మిగిలేది అందులోనే. మొదటి రోజు ఒకటి రెండు టైల్స్ వేసిన వెంటనే ఎత్తించి చూడండి, వెనకంతా అడెసివ్ నిండుగా అంటి ఉండాలి. అక్కడక్కడ ఖాళీ కనిపిస్తే తాపీ పళ్లు చిన్నవైనా అయి ఉండాలి, నొక్కడం చాలకైనా ఉండాలి. అంచులు సమానంగా రావడానికి లెవెలింగ్ క్లిప్పులు పెట్టమనండి. సిరామిక్ గోడ టైల్స్‌ని సిమెంటుతో వేస్తే బుడగలు ఆగేదాకా నానబెట్టాలి, అడెసివ్‌తో వేస్తే నానబెట్టకూడదు.

24 గంటలు ఎవర్నీ నడవనివ్వకండి, ఆ తర్వాతే గ్రౌట్. గ్రౌట్ పెట్టేముందు నాణెంతో ప్రతి టైల్ నాలుగు మూలలా, మధ్యలో కొట్టి వినండి. డొల్ల శబ్దం వచ్చినవాటికి చాక్‌పీసుతో గుర్తు పెట్టి మార్పించండి, కూలీ లెక్క తేలకముందే. ఎపాక్సీ గ్రౌట్ డబ్బాలో ఉన్న మూడు భాగాలూ కంపెనీ ఇచ్చిన పాళ్లలోనే కలపాలి, కొంచెం కొంచెం అంచనాగా తీసి కలిపితే గట్టిపడదు. ఎండాకాలంలో అరగంటలోపే బిగుస్తుంది, కాబట్టి ఒకరు నింపుతుంటే ఒకరు వెనకే స్పాంజితో తుడుస్తూ రావాలి. మ్యాట్ టైల్ మీద ఆ జిగురు పొర ఆరిందంటే తీయడం చాలా కష్టం. అందుకే ముందు మిగిలిపోయిన రెండు ముక్కల మీద పెట్టి, తుడిచి చూడమనండి. చివరి రంగుల పని ఇంకా ఉంటుంది కదా, గ్రౌట్ ఆరిన మర్నాడు నేలంతా అట్టలు పరిచి టేపు వేయించండి. పెయింటర్ల నిచ్చెన కాళ్లకి గుడ్డలు కట్టించడం కూడా మీరే గుర్తుచేయాలి.